పెన్‌డ్రైవులో పోసిచ్చిన చెరువు

గౌరవనీయులైన ఆక్వా కొలత పరికరాల కంపెనీల యాజమాన్యాలకు, ఆ పరికరాలకు ప్రోగ్రాములు రాసే ఇంజినీరు గార్లకు,



“రైతుకు అంకెలెందుకండీ, యాప్‌లో గ్రాఫు కనపడుతుందిగా!” మీలో ఒక కంపెనీ ఉద్యోగి ఫోనులో నాతో అన్న మాట ఇది. అప్పటికి ఆ యాప్ మూతబడి రెండు నెలలైంది. ఆ సంగతి గుర్తుచేస్తే, “డేటా అంతా ఫైలు చేసి పంపేశాం కదండీ. ఫార్మాట్ అంటారా, అది కంపెనీ లోపలి విషయం, బయటికి చెప్పం” అని పెట్టేశారు. ఆయన పేరు గానీ కంపెనీ పేరు గానీ ఇక్కడ రాయను. రాస్తే తక్కినవాళ్ళు “మేం కాదులే” అనుకుని పేజీ తిప్పేస్తారు. ఈ ఉత్తరం తక్కినవాళ్ళకు కూడా.

మీ ఫైలు నా బల్ల మీదికి ఎలా వచ్చిందో చెబుతాను. పాలకొల్లులో నాది చిన్న కంప్యూటర్ షాపు. డీటీపీ, జిరాక్సులు, పెళ్ళి కార్డులు, పాడైన లాప్‌టాపులు. రాత్రిపూట సరదాకి పైథాన్‌లో ప్రోగ్రాములు రాస్తుంటాను. మా వైపు బాబాయ్ వరసయ్యే రొయ్యల రైతు ఒకాయన ఒక మధ్యాహ్నం వచ్చి, రుమాల్లో చుట్టిన పెన్‌డ్రైవు తీసి నా ముందు పెట్టారు.

“ఇందులో నా చెరువుందంటన్నారబ్బాయ్. ఎంత చూసినా కనపడదేంటి?”

ఆ పంట 83వ రోజు తెల్లవారుజామున ఆయన చెరువులో రొయ్యలు తేలిపోయాయి. కాపలా కుర్రాడు నిద్రపోయాడని కొందరు, మిషను అలారం కొట్టలేదని కుర్రాడు, కొట్టిందని మీ కంపెనీ. అసలు ఆ రాత్రి నీళ్ళలో ఆక్సిజన్ ఏ గంటకు పడిపోయిందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. ఆ గంట పెన్‌డ్రైవులో ఉంది. తెరిస్తే వర్డులో ప్రశ్నార్థకాలు, ఎక్సెల్‌లో చైనా అక్షరాలూ డబ్బాలూ. ఫైలు సైజు 190079 బైట్లు. పక్కన ఒక్క కాగితం లేదు, ఒక్క ముక్క వివరం లేదు.

ఇంజినీరు గార్లకు ఇక్కడ చెప్పాల్సిందేమీ లేదు. యాజమాన్యాలకు మాత్రం కొంచెం చెప్పాలి. మీ సంతకంతో మీ మనుషులు ఏం చేస్తున్నారో మీకు తెలుసో లేదో నాకు అనుమానమే.

ఒక రాత్రి ఆక్సిజన్ 4.20 అనుకోండి. మిషను దాన్ని నూటితో గుణించి 420గా దాచుకుంటుంది. దశాంశం బాధ తప్పుతుంది, జాగా కలిసొస్తుంది, మంచి పనే. అయితే కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక్కో గిన్నెకు పట్టేది 0 నుంచి 255 దాకానే. దాన్నే బైటు అంటాం. 420 ఒక గిన్నెలో పట్టదు కాబట్టి రెండు గిన్నెల్లో పోస్తుంది. 256లు ఎన్నో ఒక దాంట్లో, మిగిలిందెంతో ఇంకో దాంట్లో. అంటే 1, 164. ఇంతవరకూ తగువు లేదు. ఏ గిన్నె ముందు పెట్టాలన్న దగ్గరే వస్తుంది. మీ మిషను 164 ముందు పెట్టి 1 తర్వాత పెట్టింది. చదివేవాడు పెద్ద గిన్నె ముందుంటుందనుకుంటే అతనికి కనపడేది 41985. నూటితో భాగిస్తే 419.85. రుణసంఖ్యలు కూడా ఉంటాయనుకుని చదివితే అవే రెండు బైట్లు మైనస్ 235.51 అవుతాయి. చెరువు అదే, రాత్రి అదే. ఒక లెక్కలో రొయ్యలు ఆక్సిజన్‌లో ఈదుతున్నాయి, ఇంకో లెక్కలో నీళ్ళే లేవు.

ఇది మనకు కొత్త చిక్కేమీ కాదు. అంకెలను మాటల్లో చెప్పే మన పాత పండితులు ఆకాశం అంటే సున్నా, నేత్రం అంటే రెండు, వేదం అంటే నాలుగు అనేవారు. శాసనాల్లో, తాళపత్రాల చివర శక సంవత్సరాలను ఇలా రాసేవారు. ఆకాశ, నేత్ర, వేద అని వరసగా రాసి ఉంటే ఎడమ నుంచి చదివి 024 అనుకుంటే పొరపాటు. అంకెలు కుడి నుంచి ఎడమకు నడవాలని నియమం, కాబట్టి అది 420. చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం వెనక. అచ్చంగా మీ మిషను పద్ధతే! కాకపోతే పండితులు ఆ నియమాన్ని గుప్పెట్లో పెట్టుకోలేదు, శిష్యులందరికీ నేర్పారు. అందుకే వందల ఏళ్ళ నాటి లెక్కను కూడా ఇవాళ ఎవరైనా కూర్చుని విప్పగలరు. నిరుడు వేసిన పంట లెక్క విప్పడానికి నాకు పదకొండు రాత్రులు పట్టింది. ఇందులో ఎవరు ఆధునికులండీ?

మీ శాస్త్రంలో కూడా ఇది పాత తగువే. 1980 ఏప్రిల్ 1న డానీ కోహెన్ అనే ఆయన ఈ రెండు వర్గాలకూ పేర్లు పెట్టాడు. గలివర్ కథలో గుడ్డును పెద్ద కొస నుంచి పగలగొట్టాలా, చిన్న కొస నుంచా అని రెండు రాజ్యాలు కొట్టుకుంటాయి. ఆ పేర్లే తెచ్చి ఒకళ్ళను బిగ్ ఎండియన్లు, ఇంకొకళ్ళను లిటిల్ ఎండియన్లు అన్నాడు. ఆయన మొత్తుకున్నదల్లా ఏ కొసైనా ఫరవాలేదు, అందరూ ఒక మాట మీద ఉండండి అని. ఇన్నేళ్ళయినా ఒక మాట మీదికి రాలేదు. రాకపోతే పోనీ, ఎవరు ఏ కొస నుంచి కొట్టారో చెప్పడానికేం బరువు?

నా పదకొండు రాత్రుల్లో మొదటి రాత్రి ఏం జరిగిందో చెబుతాను, ఇంజినీరు గార్లకు నవ్వొస్తుంది. పైథాన్‌లో లెక్కల పని చేసేవాళ్ళందరి చేతిలో ఉండే సాధనం నంపై. అందులో సంఖ్యల వరసను ముడి బైట్లుగా మార్చే ఆజ్ఞ పేరు టుబైట్స్. వెనక్కి తెచ్చేది ఫ్రమ్‌బఫర్. (టుబైట్స్‌కు ఒకప్పుడు టుస్ట్రింగ్ అనే పేరు కూడా ఉండేది. ఇచ్చేది బైట్లు, పేరేమో అక్షరాలది. ఆ పేరు మెల్లగా వదిలించుకున్నారు. పేరు తప్పని ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు, గమనించండి.) ఏ రకం సంఖ్యో చెప్పకుండా ఫ్రమ్‌బఫర్‌కు ఫైలు ఇస్తే, అది ఎనిమిదేసి బైట్లకు ఒక దశాంశ సంఖ్య అనుకుని చదువుతుంది. నేను బద్ధకించి అలాగే ఇచ్చాను. 190079ని ఎనిమిదితో భాగిస్తే శేషం మిగులుతుంది కాబట్టి కుదరదని మొండికేసింది. నా అదృష్టం. ఫైల్లో ఇంకొక్క బైటు ఉండి ఉంటే నోరెత్తకుండా 23760 చెత్త సంఖ్యలు నా చేతిలో పెట్టేది. బైట్లకు రోషం ఉండదు. ఎలా చదివితే అలా పలుకుతాయి.

రెండో రాత్రి నుంచి అసలు పని మొదలుపెట్టాను. బైట్లన్నిటినీ అంకెలుగా పరిచి చూస్తే ప్రతి పన్నెండో చోట ఒక పోలిక కనిపించింది, అంటే పన్నెండు బైట్లకు ఒక వరస. మొదటి నాలుగు బైట్లను కలిపి చదివితే వరసకూ వరసకూ సరిగ్గా 600 పెరుగుతోంది. 600 సెకన్లంటే పది నిమిషాలు. అంటే అది సమయం. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను లెక్కపెట్టే పాత పద్ధతి. మిగిలిన ఎనిమిది బైట్లు ఇలా ఉన్నాయి:

164 1 84 11 12 3 176 4

రెండేసి కలిపి, చిన్న గిన్నె ముందనుకుని చదివితే 420, 2900, 780, 1200. నూటితో భాగిస్తే 4.20, 29.00, 7.80, 12.00. బాబాయ్‌ని పిలిచి చదివి వినిపించాను. “మొదటిది ఆక్సిజన్, రెండోది నీళ్ళ వేడి, మూడోది పీహెచ్” అని ఆయనే టకటకా చెప్పారు. రైతుకు అంకెలెందుకన్న పెద్దమనిషి ఆ పూట నా షాపులో ఉండి ఉంటే బాగుండేది.

ఈ మాట దగ్గర కాసేపు ఆగుతాను. రైతుకు అర్థం కాదని మీరు ఏ చెరువు గట్టు మీద నిలబడి తేల్చారు? 2009లో వనామీ రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చిన నాటి నుంచి ఈ గోదావరి పల్లపు ఊళ్ళలో రైతు బతుకంతా అంకెలే. కిలోకు ఎన్ని తూగితే ఆ కౌంటు, కౌంటును బట్టి రేటు. ఎకరానికి ఎన్ని లక్షల పిల్ల, రోజుకు ఎంత మేత, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఎన్ని గంటలు ఏరేటర్లు తిరిగాయి, ఎంత కరెంటు కాలింది. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు తీసుకుంటుంది, అందుకే తెల్లారేముందు అన్నిటికన్నా తక్కువ ఉంటుందని ఆయనకు పుస్తకం చూడకుండా తెలుసు. 4 కన్నా కిందికి వస్తే గుండె దడ. చదవనిది రైతు కాదు. చదవనీయనిది మీరు.

ధవళేశ్వరం దగ్గర వరద ఎంతుందో అడుగుల్లో చెబుతారు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో అక్షరం ముక్క రాని అవ్వ కూడా 13 దాటిందనగానే గొడ్లను ఇవతలికి తోలిస్తుంది. ఆ అడుగులు ఎక్కడి నుంచి లెక్కపెడతారో, ఏ కొలతో ప్రభుత్వం దాచుకుని, మీకు బొమ్మ చూపిస్తాంలెండి అని ఉంటే ఎలా ఉండేది? నది కొలత జనానిదైనప్పుడు, సొంత కౌలు కట్టి, సొంత డబ్బుతో మిషను కొన్న రైతుకు సొంత చెరువు కొలత పరాయిదెలా అయింది?

గంటల సంగతికి వస్తాను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

మీ ఫైలు ప్రకారం ఆ రాత్రి ఆక్సిజన్ 3 కన్నా కిందికి దిగింది 8 గంటల 40 నిమిషాలకు. ఆ సంఖ్య చూడగానే నా నోట మాట పడిపోయింది. కాపలా కుర్రాడు ఎనిమిదింటికి భోజనానికి ఊళ్ళోకి వెళ్ళి తొమ్మిదిన్నరకు వచ్చానని తనే అందరిముందూ చెప్పాడు. ఇంకేముంది, దొరికాడు! బాబాయ్ ముఖం కూడా నల్లబడింది. నాకు మాత్రం ఒక చోట లెక్క కుదరలేదు. పంట మొత్తం మీద రోజులో అత్యధిక వేడి పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో వస్తోంది. ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది రాత్రి పదకొండున్నరకు. పాలకొల్లులో ఏ రోజైనా పొద్దున తొమ్మిదిన్నరకు ఎండ తారస్థాయికి చేరుతుందా? మధ్యాహ్నం మూడింటికి కదా! తేడా అయిదున్నర గంటలు. మీ మిషను మన గడియారం చూడటంలేదు, గ్రీనిచ్ గడియారం చూస్తోంది. 8.40కి అయిదున్నర కలపండి. అర్ధరాత్రి దాటి 2 గంటల 10 నిమిషాలు.

ఆ వేళకు ఆ ఫీడరు కింద కరెంటు పోయింది. చుట్టుపక్కల చెరువుల వాళ్ళందరికీ గుర్తుంది. కుర్రాడు జనరేటర్ తాడు లాగీ లాగీ, అది రాక, పక్క చెరువు వాళ్ళను లేపుకొచ్చిన సంగతి ఆ పక్క చెరువు వాళ్ళు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఎవరూ వినలేదు. 

సూర్యుడు సాక్ష్యం చెప్పబట్టి కుర్రాడు నిలబడ్డాడు. ఇది ఏ గడియారమో ఒక్క ముక్క రాసి ఉంటే సూర్యుణ్ణి కోర్టుకు పిలవాల్సిన అవసరమే ఉండేది కాదు. ఇంజినీరు గారూ, ఆ ఒక్క ముక్క రాయడానికి మీకు ఎంతసేపు పడుతుంది? రాయకపోతే ఎవరి కూడు పోతుందో ఆ రోజు మీకు తోచిందా?

ఇక ఫైల్లో తప్పిపోయిన ఒక బైటు సంగతి. 190079ని పన్నెండుతో భాగిస్తే పదకొండు మిగులుతుంది. అంటే వరసలు నిండుగా లేవు, ఎక్కడో ఒక బైటు జారిపోయింది. వెతికితే 61వ రోజున దొరికింది. ఆ వేళ కూడా కరెంటు పోయి ఉండాలి, మిషను రాస్తూ రాస్తూ ఒక బైటు మింగేసి మళ్ళీ లేచింది. అక్కడి నుంచి చివరి దాకా ప్రతి వరసా ఒక గిన్నె పక్కకు జరిగిపోయింది. గుండీలు ఒక కాజా తప్పి పెట్టుకున్న చొక్కాలాగ. ఇందాక చూపించిన ఎనిమిది బైట్లే అలా జరిపి చదవండి. ఆక్సిజన్ 215.05, పీహెచ్ 450.59. ఇవి చెత్తని ఎవరైనా చెబుతారు. మధ్యలో వేడి మాత్రం 30.83! చొక్కా అంతా వంకరగా ఉంటే ఒక్క గుండీ చక్కగా కనపడింది. పీహెచ్‌లో సగం, వేడిలో సగం అతుక్కుని పుట్టిన సంఖ్య అది. నీళ్ళ వేడికి సరిగ్గా సరిపోయేట్టు ఉంది. వేడి ఒక్కటే చూసుకునేవాడు ఆ అబద్ధాన్ని హాయిగా నమ్మేస్తాడు. ప్రతి వరస ముందూ ఒక గుర్తు, వెనక సరిచూసే ఒక అంకె పెట్టి ఉంటే జారిన చోటే పట్టుబడేది. ఈ పని మీ చదువులోనే నేర్పుతారు.

అక్కడక్కడా 655.35 అని కూడా వచ్చింది. రెండు బైట్లలోనూ 255, 255. సెన్సరు ఊడితే “రీడింగు లేదు” అనడానికి మీరు వాడుకున్న గుర్తు అదై ఉంటుందని ఊహించి తీసేశాను. తీయకుండా సగటు కడితే ఆక్సిజన్ ఎక్కడికో పోతుంది. బాబాయ్ పొరుగాయనకు ఇంకో కంపెనీ మిషనుంది. అందులో లేదు అనడానికి సున్నా పెట్టారు. ఆక్సిజన్ సున్నా అంటే లేదనా, కొలవలేదనా? చెరువు చచ్చిందనా, తీగ తెగిందనా?

ఇంతకన్నా చిన్న నిర్లక్ష్యానికి ఎంతెంత ఖరీదు కట్టారో లోకానికి తెలుసు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి లేచిన నలభై సెకన్ల లోపే దారి తప్పి పేలిపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యలో కుక్కబోతే పట్టలేదు. చిన్న గిన్నెలో పెద్ద సంఖ్య, అంతే. వాళ్ళు విచారణ సంఘం వేసి, తప్పు ఎక్కడుందో రాసి లోకానికి చెప్పారు. చెరువు పోతే విచారణ చేసేది ఎవరు? షాపు మూసేశాక నేను, ఉచితంగా.

ఫార్మాట్ చెబితే పోటీదారులు ఎత్తుకుపోతారని మీ భయమట. ఏం ఎత్తుకుపోతారు? సెన్సరులో మీ పనితనం ఉంటే ఉండొచ్చు, అలారం ఎప్పుడు కొట్టాలో లెక్కగట్టడంలో ఉండొచ్చు. అవి అడగలేదు నేను. 420ని 164, 1గా పెట్టడంలో ఏ రహస్యముంది? కొట్టువాడు తన లాభం చెప్పనక్కరలేదు. ఏ కుంచంతో కొలిచాడో చెప్పాలి. ఊరికో కుంచం ఉన్న రోజుల్లో కూడా ధాన్యం కొలిచి ఇచ్చేటప్పుడు ఏ ఊరి కుంచమో చెప్పి కొలిచేవారు.

నా వృత్తి డీటీపీ కాబట్టి ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. కొలతలు చెప్పకుండా బైట్లు మిగిల్చిపోతే ఏమవుతుందో తెలుగువాళ్ళం ఒకసారి నిండా అనుభవించాం. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, ఒక్కో డీటీపీ సాఫ్ట్‌వేరుకు ఒక్కో అక్షరాల పట్టిక. ఒకరి 164 ఒకరికి ‘కి’, ఇంకొకరికి దీర్ఘం. 1991లో దేశానికంతటికీ ఇస్కీ అని ఒక ప్రమాణం పెట్టారు, అదే ఏడు యూనికోడ్ మొదటి ప్రతి వచ్చింది, తెలుగుకు అందులో సొంత చోటు దక్కింది. అయినా ఏళ్ళ తరబడి ఎవరి పట్టిక వాళ్ళదే. ఫాంటు పోతే పుస్తకం పోయినట్టే. నేను కంపోజు చేసిన ఫైళ్ళే నాకు తెరుచుకోనివి ఇప్పటికీ ఒక పెట్టె నిండా ఉన్నాయి. వెన్న నాగార్జున గారి ‘పద్మ’ లాంటి సాధనాలు వచ్చి, ఒక్కో ఫాంటు పట్టికనూ విప్పి యూనికోడ్‌లోకి మార్చబట్టి కొంతైనా దక్కింది. ఆ పట్టికలు తయారుచేసినవాళ్ళే ముందుగా అచ్చేసి పంచి ఉంటే అంత శ్రమ ఎందుకు? మళ్ళీ అదే తప్పు చెరువుల దగ్గర మొదలుపెట్టారు మీరు.

యూనికోడ్ వాళ్ళు కూడా కొసల గొడవ తప్పించుకోలేదు. మన ‘అ’ సంఖ్య 3077. రెండు బైట్లలో పెడితే 12, 5. తిరగేస్తే 5, 12 అయ్యి, ఎక్కడో రష్యాలో కోమి భాషవాళ్ళ అక్షరం ఒకటి ప్రత్యక్షమవుతుంది. అందుకే ఫైలు మొదట్లో కొస గుర్తొకటి పెట్టుకునే ఏర్పాటు చేశారు. ఫొటోల టిఫ్ ఫైళ్ళు నేను రోజూ తెరుస్తాను. వాటి మొదటి రెండు బైట్లు చూస్తే రెండు ‘ఐ’లో, రెండు ‘ఎమ్’లో ఉంటాయి. ఐ అంటే ఇంటెల్ పద్ధతి, చిన్న కొస ముందు. ఎమ్ అంటే మోటరోలా పద్ధతి, పెద్ద కొస ముందు. రెండంటే రెండు అక్షరాలు! నంపైలోనూ సంఖ్యలను ఉత్త బైట్లుగా ఫైల్లో పారబోసే టుఫైల్ అనే ఆజ్ఞ ఉంది. దాని కిందే రాశారు, కొసల వివరం, సంఖ్య వెడల్పు వివరం ఇందులో పోతాయి, దాచుకోవడానికి ఇది వాడొద్దు అని. దాచుకోవడానికి ఎన్‌పీవై అనే వేరే పద్ధతి పెట్టారు. అందులో ఏ రకం సంఖ్యలో, ఎన్నో, ఏ కొసో ఫైలు నుదుటి మీదే రాసి ఉంటుంది. డబ్బులు తీసుకోకుండా సాధనం ఇచ్చినవాళ్ళు ఇంత జాగ్రత్త పడ్డారు. ఏటా రెన్యువల్ కట్టించుకున్న మీరు?

మీ ఇంజినీర్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. సెన్సరు నుంచి మోడ్‌బస్ మీద వచ్చే అంకెలు పెద్ద కొస ముందుగా వస్తాయి. వాటిని అందుకునే చిన్న చిప్పు చిన్న కొస ముందుగా దాచుతుంది. నాలుగు బైట్ల దశాంశాన్ని రెండు ముక్కలుగా పంపేటప్పుడు ఏ ముక్క ముందో ఆ ప్రమాణంలోనే తేల్చలేదు. పగలంతా ఈ తిరగేతలతో కుస్తీ పట్టినవాళ్ళకు కాగితం రాసే ఓపిక ఉండదు. ఒప్పుకుంటాను. కానీ మీరు కుస్తీ పట్టి గెలిచిన సంగతి ఒక కాగితం మీద పెట్టకపోతే, అదే కుస్తీ ప్రతి ఊళ్ళోనూ నాలాంటివాడు మొదటి నుంచి పట్టాలి.

చట్టం మా వైపు లేదని మీకు తెలుసు. 2023లో తెచ్చిన డేటా రక్షణ చట్టం వ్యక్తుల సమాచారం గురించి. చెరువులో ఆక్సిజన్ వ్యక్తి కాదు, దానికి హక్కుల్లేవు. రేపు అమెరికా, యూరప్ కొనుగోలుదారులు ఈ రొయ్య ఏ నీళ్ళలో పెరిగిందో చూపించమంటే చూపించాల్సింది రైతు. అప్పుడు మీ యాప్ ఉంటుందా? మీ కంపెనీ ఉంటుందా? ఇవాళ్టికే పోయినవి ఉన్నాయి. కంపెనీలు పోవడం తప్పు కాదు, వ్యాపారమన్నాక వస్తాయి, పోతాయి. పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు వచ్చి మా పాలకొల్లులో కొట్టు పెట్టుకున్నారు, వాళ్ళూ పోయారు. వాళ్ళు వదిలిపోయిన రాతలు మాత్రం ఆ భాష వచ్చినవాడు చదువుకోవచ్చు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. మిషనుతోపాటు ఇచ్చే వారంటీ కార్డు వెనక ఖాళీ ఉంటుంది, అది చాలు. ఒక్కో వరసకు ఎన్ని బైట్లు, ఏ బైటు దేనికి, ఏ కొస ముందు, రుణసంఖ్యలున్నాయా, ఎంతతో భాగించాలి, ఏ గడియారం, రీడింగు లేకపోతే ఏం రాస్తారు. తెలుగులో రాస్తే మరీ సంతోషం. ఇప్పటికే అమ్మిన మిషన్లకు కూడా రాసి పంపండి. సబ్సిడీల మీద మిషన్లు ఇప్పించే అధికారులు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, టెండరు కాగితంలో ఈ ఒక్క షరతు చేర్చమని మనవి. ఫైలు ఇస్తాం అంటే సరిపోదు. చదవగలిగే ఫైలు ఇస్తాం అనిపించండి.

మీరు రాసేదాకా ఉండలేక, నేను విప్పినంత మేరకు ఆ కాగితం నేనే తయారుచేశాను. పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి షాపులో గోడకు అంటించాను. ఇప్పటికి నలుగురు రైతులు ఫోనుతో ఫొటో తీసుకెళ్ళారు. బాబాయ్ లామినేషన్ చేయించుకున్నారు. కుర్రాడు మళ్ళీ అదే చెరువు మీద ఉన్నాడు.

ఆ కాగితంలో ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది. చివరి రెండు బైట్లు, 176, 4. పన్నెండు. బాబాయ్ నీళ్ళ ఉప్పదనం ఆ రోజుల్లో పన్నెండు దగ్గరే ఉందని ఆయన డైరీలో ఉంది. మీ మిషనులో ఉన్న బ్యాటరీ కూడా పన్నెండు వోల్టులదే. పంట నడిచేకొద్దీ ఆ అంకె మెల్లగా తగ్గుతూ వచ్చింది. వానలకు ఉప్పు తగ్గిందో, బ్యాటరీ ముసలిదైందో నేను తేల్చలేకపోయాను. ఆ గడిలో ఏం రాయమంటారు?

ఇట్లు,
పాలకొల్లులో ఒక కంప్యూటర్ షాపు యజమాని